రాతి అరచేతిలో నిమ్మకాయ

ఏటి ఒడ్డున ఒక ఊరు ఉండేది. ఊరి వెనక కొండ, కొండ మీద అన్నీ తెలిసిన అమ్మవారు. ఆవిడది రాతి విగ్రహం. కుడిచెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి, ఏటి వైపు చూస్తూ కూర్చుని ఉండేది. మొక్కుకున్నవాళ్లు ఆ అరచేతిలో ఒక నిమ్మకాయ పెట్టి కొండ దిగేవాళ్లు.

అమ్మ ఏడాదికోసారి, ఆషాఢంలో జాతర రోజున మాట్లాడేది. కాల్చని పచ్చికుండ మీద ఒక ఆడమనిషి నిలబడితే ఆమె నోట అమ్మ పలికేది. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేది. చెప్పింది ఏనాడూ తప్పలేదు. ఊరికి పట్టిన తెగులు అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ ఊళ్లో ఎవరూ ఏ తప్పూ చేసేవాళ్లు కాదు. అన్నీ అమ్మ చెప్పినట్టు జరిగిపోయేవి, అంతే. "ఈ ఏడు ఒక ఇంట్లో కోళ్లు పోతాయి" అని అమ్మ అంటే, కోళ్లు ఎత్తుకుపోయినవాడు పట్టుబడ్డాక కూడా మీసం మెలేసేవాడు. "ఎవడో ఒకడు ఎత్తుకుపోకపోతే అమ్మ మాట ఏం కావాలి?" అని ఎదురడిగేవాడు. "ఒక ఇంటి కప్పు కూలుతుంది" అంటే, ఎవరిది కూలుతుందా అని ఊరంతా అరుగుల మీద కూర్చుని చూసేది తప్ప, ఒక్కడంటే ఒక్కడు లేచి పాత తాటాకు మార్చేవాడు కాదు. ఇలాంటి జనాన్ని చూస్తే రాయికైనా ఒళ్లు మండుతుంది. అమ్మ రాయే, అయినా మండేది.

అందరిలోకీ ముదురు పడవవాడు. ఏరు దాటించడానికి ఆ ఊరికి అతని పడవ ఒక్కటే దిక్కు. చేతిలో పనితనం లేదని ఎవరూ అనరు. సుడి ఎక్కడ తిరుగుతుందో, నీటి కింద బండ ఎక్కడుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కాకపోతే ఆ చేతిలో పడవ తోసే గడ కన్నా ఇప్పసారా దొప్ప ఎక్కువసేపు ఉండేది.

ప్రతి జాతరలోనూ అతను తలగుడ్డ తీసి, చేతులు జోడించి, అమ్మని ఒక్కటే అడిగేవాడు. "ఈ ఏడు నేను తాగుతానా తల్లీ?"

"తాగుతావు" అనేది అమ్మ. ఉన్న మాట చెప్పక ఏం చేస్తుంది?

అతను ఆ మాట కళ్లకద్దుకుని నేరుగా సారా కాచే అవ్వ గుడిసెకు నడిచేవాడు. మొదటి దొప్ప ఎత్తేముందు "అమ్మ మాట" అనేవాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు కూడా "అమ్మ మాట" అని గుటకేసేవాళ్లు. తీర్థం తీసుకునేవాళ్లలో కూడా అంత భక్తి కనపడదు.

నిరుడు వరదలో పడవని తీసుకెళ్లి బండకి కొట్టాడు. మనుషులు ఎలాగో ఈదుకుని బయటపడ్డారు. ఒక మేక కొట్టుకుపోయింది. "ఏట్లో మేక పోతుందని అమ్మ ముందే చెప్పిందిగా, ఊరుకో" అని మేక పోగొట్టుకున్నవాడిని పడవవాడే ఓదార్చాడు.

ఇదంతా అతని పెళ్లాం ఏళ్ల తరబడి భరించింది. మొదట్లో తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత తిట్టడమూ ఏడవడమూ కలిపి చేసింది. గోడకి చెప్పుకున్నా కాస్త సున్నం రాలి ఉండేదేమో గానీ, అతని దగ్గర మాత్రం ఏ ఫలితమూ లేదు.

ఈ ఏడు సంగతి వేరు. కూతురిని ఏటి అవతలి ఊరికి ఇచ్చారు. పిల్లకి తొలి కానుపు. నాట్లు పూర్తయ్యేదాకా పంపనని అత్తగారు పట్టుబట్టింది. అంటే పిల్ల పుట్టింటికి వచ్చేది శ్రావణంలో, నెలలు నిండాక. శ్రావణంలో ఆ ఏరు గట్లు తన్నుకుని పారుతుంది. నిండు చూలాలు ఆ వరదలో, ఆ పడవలో, తాగిన తండ్రి గడ వేస్తుంటే దాటి రావాలి.

"కూతుర్ని ఎక్కించుకునే రోజైనా తాగకుండా ఉంటావా?" అని అడిగింది పెళ్లాం.

"నా చేతిలో ఏముందే? జాతరలో అమ్మనే అడుగుదాం. తాగవని ఆవిడంటే చచ్చినా తాగను" అన్నాడు పడవవాడు. ఎంతో బుద్ధిమంతుడిలా అన్నాడు.

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన నిమ్మకాయ ఒకటి పట్టుకుని, వంగిన వీపుతో, రొప్పుతూ కొండ ఎక్కింది. కొండ మీదికి అడగడానికి వచ్చినవాళ్లు ఉన్నారు, ఏడవడానికి వచ్చినవాళ్లు ఉన్నారు గానీ తిట్టడానికి వచ్చినవాళ్లు అంతకుముందు లేరు. అందుకే కాబోలు, జాతర కాకపోయినా అమ్మ పలికింది.

"ఎందుకే ఆ అరుపులు?"

"ఎందుకా? వాడు తాగుతాడని నువ్వు చెప్పబట్టే కదా వాడు తాగుతున్నాడు!"

"వాడు తాగుతాడు కాబట్టి నేను తాగుతాడని చెప్పాను. నువ్వు తలకిందులుగా చూస్తున్నావు."

"ఏదైతే ఏం? కాలేది నా కొంపేగా."

అమ్మ ఇదే సంగతి ఎన్ని తరాలకని చెప్పాలి! "ఇటు రా, ఇక్కడ నా పక్కన నిలబడి చూడు. ఏటి వంపు అవతల వస్తున్న సరుకు పడవ కనబడుతోందా?"

"కనబడుతోంది."

"రేవులో ఉన్నవాళ్లకి ఇంకా కనబడదు. నీకు ముందే కనబడింది. అంతమాత్రాన ఆ పడవని నువ్వు నడిపినట్టా?"

పడవవాడి పెళ్లాం ఆలోచించింది. ఆమె తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "సరే, నువ్వు నడపవు, చూస్తావంతే. మరి నువ్వు చూసింది తప్పుతుందా?"

"తప్పదు."

"తప్పనప్పుడు వాడు మాత్రం ఏం చెయ్యగలడు? కట్టేసి కొట్టినట్టేగా!"

"వాడు ఇంకోటి చేసి ఉంటే, నేను ఇంకోటి చూసి ఉండేదాన్నే. నేను చూశానని వాడు చెయ్యడు. వాడు చేస్తాడని నేను చూస్తాను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"నువ్వు చెప్పేది బాగానే ఉంది తల్లీ. నా ఇల్లే బాగాలేదు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు తగ్గించింది. "ఒక్క అబద్ధం ఆడు. జాతరలో అడిగినప్పుడు ఈసారి తాగవని చెప్పు. నా బిడ్డ గట్టెక్కుతుంది."

"అప్పుడు మాత్రం వాడు మారతాడా? తాగవని అమ్మే చెప్పింది కాబట్టి నేను పుచ్చుకునేది తాగడం కింద రాదంటాడు. నీ మొగుడి సంగతి నీకన్నా ఎవరికి బాగా తెలుసు?"

ఆ మాటకి ఆమెకి నవ్వు రాబోయింది. బలవంతాన ఆపుకుంది. "అయితే ఇది చెప్పు. నా బిడ్డని దాటించే రోజు వాడు తాగి ఉంటాడా, లేడా? నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"చెప్పు మరి."

"చెప్పను. తాగుతాడంటే నువ్వు ఇప్పుడే గుండె పగిలి కూర్చుంటావు. తాగడంటే ధీమాగా కాళ్లు చాపుకుంటావు. ఏది చెప్పినా చెయ్యాల్సింది మానేసి దాన్ని నా నెత్తిన పెడతారు మీరంతా. నాకు విసుగొచ్చింది."

"నీకే అంత విసుగొస్తే, వాడితో కాపురం చేసేదాన్ని, నాకెంత రావాలి?" అంది ఆమె. నిమ్మకాయ ఇవ్వకుండానే దిగిపోదామనుకుంది. అలవాటు ఊరుకోదు కదా, వెనక్కి వచ్చి రాతి అరచేతిలో దాన్ని విసురుగా పెట్టి వెళ్లింది.

జాతర వచ్చింది. ఏటేటా పచ్చికుండ మీద నిలబడే ముసలావిడ ఆసరికి మంచానపడింది. కొత్త మనిషిని అమ్మే ఎంచుకోవాలి. దానికి ఆ ఊరి పద్ధతి ఒకటుంది. పూజారి అమ్మ చేతిలోని నిమ్మకాయ తీసి కొండ మెట్ల మీద దొర్లిస్తాడు. అది ఏ ఆడమనిషి కాళ్ల దగ్గర ఆగితే ఆమే. ఆ రోజు నిమ్మకాయ దొర్లి దొర్లి పడవవాడి పెళ్లాం పాదాల దగ్గర ఆగింది.

"అమ్మ చిత్తం!" అని జనం చేతులెత్తారు.

"చిత్తమా పాడా, ఇక్కడ పల్లంగా ఉంది" అంది ఆమె. ఎవరూ వినిపించుకోలేదు. పసుపు రాసి, వేపమండలు చేతికిచ్చి, పచ్చికుండ ఎక్కించారు.

ఆ కుండకి ఒక కట్టుబాటు ఉంది. అందరి ప్రశ్నలూ అయ్యేదాకా అది నిలవాలి. మధ్యలో చితికితే ఆ ఏడు జాతర చెల్లదు. చెల్లకపోతే ఎవరూ విత్తనం వెయ్యకూడదు, పడవ నీళ్లలోకి దించకూడదు. పైన మబ్బు పట్టి ఉంది. జనం తొందరగా అడగడం మొదలుపెట్టారు.

"వానలు పడతాయా తల్లీ?" అన్నాడు ఊరి పెద్ద.

"పడతాయి."

"ఊళ్లో దొంగతనాలు జరుగుతాయా?"

"నువ్వు మానేస్తే ఒకటి తగ్గుతుంది."

జనం గొల్లున నవ్వారు. ఊరి పెద్ద తలపాగా సర్దుకుని వెనక్కి తగ్గాడు. అమ్మ ఎన్నడూ ఇలా మాట్లాడలేదు. మిగతావాళ్లంతా అడిగేశాక, ఆఖరున పడవవాడు ముందుకొచ్చాడు. కుండ మీద ఉన్నది పెళ్లామైనా ఆ కాసేపు అమ్మే కాబట్టి తలగుడ్డ తీశాడు, చేతులు జోడించాడు. ఏటేటా అడిగేదే అడిగాడు. జవాబు కోసం చూడకుండానే కాళ్లు సారా గుడిసె వైపు తిప్పి పెట్టుకున్నాడు.

"నేను తాగుతానా తల్లీ?"

"నువ్వు చెప్పు" అంది ఆమె.

అతను ఆగాడు. "నాకేం తెలుసు తల్లీ? అన్నీ తెలిసినదానివి నువ్వు."

"నాకు తెలుసు. నీ నోటితో నువ్వు చెప్పు."

చినుకులు మొదలయ్యాయి. పచ్చికుండ మీద నీళ్లు పడి మట్టి పాదాల కింద జారుతోంది. "చెప్పరా!" అని ఒకడు అరిచాడు. "కుండ పోతోంది, చెప్పరా సన్నాసీ!" అని ఊరంతా అందుకుంది. పడవవాడు అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంతకాలం అతన్ని తిట్టినవాళ్లు ఉన్నారు, బతిమాలినవాళ్లు ఉన్నారు. నువ్వేం చేస్తావని అడిగినవాళ్లు లేరు. జవాబు కోసం లోపల వెతికితే ఏమీ దొరకలేదు. సిగ్గేసింది. సిగ్గు వెంటనే కోపమైంది.

"తాగుతాను!" అని అరిచాడు. "తాగుతాను, పో! ఎవరూ తాగించరు, నేనే తాగుతాను!"

ఆ మాట పూర్తయ్యిందో లేదో కుండ చితికింది. ఆమె మోకాళ్ల దాకా బురదలో నిలబడింది. జవాబు ముందా, కుండ ముందా అని ఊరి పెద్దలు పొద్దుగూకేదాకా తగువులాడుకుని, విత్తే అదను పోతుందన్న భయం కొద్దీ, జవాబే ముందని తేల్చారు.

ఇంటికొచ్చాక పడవవాడు పెళ్లాన్ని అడిగాడు. "అక్కడ అడిగింది అమ్మా, నువ్వా?"

"కుండ మీద ఉన్నప్పటి సంగతి గుర్తుండదుగా ఎవరికీ" అంది ఆమె, పొయ్యిలోకి పుల్ల తోస్తూ. గుర్తుందో లేదో అమ్మకే తెలుసు.

అతను అవ్వ గుడిసెకు పోయాడు. దొప్ప ఎత్తాడు. "అమ్మ మాట" అనబోయాడు, నోరు రాలేదు. అమ్మ ఏమీ అనలేదు కదా. "నా మాట" అనడానికి నామోషీగా ఉంది. ఊరికే తాగాడు. ఆ రోజూ తాగాడు, మర్నాడూ తాగాడు, జాతరలో చెప్పినట్టే. కానీ మునుపు తాగితే తూలేది కాళ్లే. ఇప్పుడు తాగిన ప్రతిసారీ, ఇది నేనే చేస్తున్నాను అని ఒక ఆలోచన వచ్చి పక్కన కూర్చునేది. దాన్ని అవతలికి తోలడానికి ఇంకో దొప్ప పోస్తే అది కూడా తనే పోసుకున్నట్టు తెలిసేది. ఇంటికొచ్చి పెళ్లాంతో వాదించడం కూడా మానేశాడు. ఏమని వాదిస్తాడు?

శ్రావణం వచ్చింది. ఏరు ఎర్రగా, గట్ల మీదికి ఎగబాకుతూ పారుతోంది. పిల్ల ఎక్కిన ఎడ్లబండి అవతలి రేవుకి వచ్చిందని పొద్దున్నే కేక వినబడింది. పడవవాడు ఇంట్లో లేడు. తెల్లారకముందే అవ్వ గుడిసె వైపు పోతుంటే చూశామని ఇరుగుపొరుగు చెప్పారు.

ఆమె నిమ్మకాయ పట్టుకుని కొండ మీదికి పరుగెత్తింది. దాన్ని అమ్మ అరచేతిలో పెట్టింది. "తాగాడా?" అని అడగబోయి, నోరు మూసుకుంది.

"వద్దులే, చెప్పకు" అంది. "నువ్వు చెప్పినా గడ వెయ్యాల్సింది మేమే." వచ్చినంత వేగంగానే దిగిపోయింది. ఆ రేవులో ఆడది గడ పట్టడం ఎవరూ ఎరగరు. ఆమె ఆ రోజు పట్టడానికే వెళ్లింది.

అదే సమయానికి గుడిసెలో అవ్వ దొప్ప నింపి పడవవాడి చేతికిచ్చింది. అతను పుచ్చుకున్నాడు. సారా వేడిగా ఉంది, వాసన ముక్కుకి తగులుతోంది. ఏటి అవతల నుంచి కేక వినబడుతోంది. తాగమని చెప్పినవాళ్లు లేరు. తాగొద్దని చెప్పినవాళ్లూ లేరు. అతను దొప్ప వైపు చాలాసేపు చూశాడు.

"ఇవాళ వద్దవ్వా" అని కింద పెట్టాడు.

"అమ్మ వద్దందా?"

"అమ్మ ఏమీ అనలేదు" అంటూ లేచాడు.

పెళ్లాం రేవుకి చేరేసరికి అతను పడవ తాడు విప్పుతున్నాడు. ఆమె దగ్గరికొచ్చి వాసన చూసింది, మొహమాటం ఏమీ లేకుండా. నమ్మలేక మళ్లీ చూసింది.

"జాతరలో ఊరందరి ముందూ తాగుతానన్నావు కదా?"

"అన్నాను. నేనన్న మాటేగా, నేనే మార్చుకుంటా. అదే అమ్మ అన్న మాటైతే ఎలా మార్చను?" అని విసుక్కున్నాడు. "ఎక్కితే ఎక్కు, లేకపోతే తప్పుకో. నీళ్లు పెరుగుతున్నాయి."

ఆమె ఎక్కింది. రెండో గడ తను తీసుకుంది. అతను వద్దనలేదు.

అవతలికి పోవడం ఒక ఎత్తు, కూతురితో తిరిగి రావడం ఒక ఎత్తు. పిల్ల పడవ మధ్యలో, కడుపు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చుంది. నడి ఏట్లో సుడి పడవని పట్టుకుని బండ వైపు తిప్పింది. నిరుడు మేకని మింగిన బండే. బండ ఎక్కడుందో పడవవాడి చేతులకి తెలుసు. "ఎడమ పక్క తన్నవే!" అని పెళ్లాం మీద అరిచాడు. ఆమె ఉన్న బలమంతా పెట్టి తన్నింది. అతను గడని బండకి ఆనించి, పళ్లు బిగించి, పడవని నెట్టాడు. గడ విల్లులా వంగింది. అందరి ప్రాణాలూ కాసేపు ఆ గడ మీద ఉన్నాయి.

పడవ బండని రాసుకుంటూ పక్కకి జారింది. రేవులో జనం కేకలు పెట్టారు. పిల్ల ఒడ్డున దిగి, తండ్రి భుజం పట్టుకుని, భోరుమని ఏడ్చింది. పడవవాడు గడ ఇసుకలో పాతి దాని పక్కనే కూలబడ్డాడు. "చూశారా, అంతా అమ్మ దయ" అని ఊరి పెద్ద అప్పుడే మొదలుపెట్టాడు. పడవవాడు అతని వైపు చూసిన చూపుకి పెద్ద మిగతా మాటలు మింగేశాడు.

సాయంత్రం, పిల్లకి వేన్నీళ్లు పోసి పడుకోబెట్టాక, ఆమె మళ్లీ కొండ ఎక్కింది. ఈసారి తిట్టడానికి కాదు. చేతిలో కొత్త నిమ్మకాయ ఉంది. దణ్ణం పెట్టుకుని పోదామని వచ్చింది.

అమ్మ ఎప్పటిలాగే ఏటి వైపు చూస్తూ కూర్చుని ఉంది. కానీ ఎప్పుడూ తెరిచి ఉండే రాతి అరచెయ్యి మూసుకుని ఉంది. పొద్దున పెట్టిన నిమ్మకాయ ఆ గుప్పిట్లో నలిగి, పిప్పి అయిపోయింది. రసం రాతి వేళ్ల సందుల నుంచి మణికట్టు దాకా కారి ఆరిపోయింది.

ఆమె వంగి ఆ గుప్పిటని తాకింది.

"అన్నీ తెలిసినదానివి," అంది, "నీకెందుకమ్మా అంత భయం?"

ఆమె దగ్గరగా కూర్చుని, రాతి వేళ్లని తడి కొంగుతో తుడిచింది, పసిపిల్ల చెయ్యి తుడిచినట్టు. ఒక్కో వేలే వదులైంది. పిప్పిని తీసి పారేసి, కొత్త నిమ్మకాయ ఆ అరచేతిలో పెట్టింది.

"పట్టుకో" అంది లేస్తూ. "రేపు మళ్లీ పడవ వెయ్యాలి."